రెండు మెట్లు పైన

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఉంటే ముగ్గురు ఒకేసారి అరుస్తున్నారు. నాలుగో మనిషి అరవడానికి డాక్టరు ఒప్పుకోలేదు.

ఎనిమిది రోజులుగా ఆవిడ నోరు విప్పలేదు. గొంతులో తీగలు వాచాయనీ, పది రోజులు గుసగుసగా కూడా మాట్లాడకూడదనీ, ఆ తర్వాత కూడా ఇంటి బ్యాండులో పాడినట్టు అంత ఎత్తున పాడితే గొంతు పూర్తిగా పోతుందనీ డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో బస్టాండు మైకులో చెప్పే ఉద్యోగం ఆవిడది. ఊరంతా మైకమ్మ అంటుంది. ఆ గొంతు పోతే ఉద్యోగమూ పోతుంది, పాటా పోతుంది.

"పాట ఇంకోసారి వేస్తాను. ఈసారైనా అరవకుండా వినండి," అన్నాడు మరిది, ఫోను బల్ల మధ్యకి జరుపుతూ.

"వినక్కర్లేదు. ఆపు," అన్నాడు అతని అన్న, ఆవిడ భర్త.

"ఎందుకు వినక్కర్లేదు?"

"పొద్దున్నే ఈ గోలేంట్రా? పనికి పోవద్దూ?"

"అన్నయ్యా, నేనడిగింది పని గురించి కాదు."

మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. పై అంతస్తులో తాడు ఎంత సాగిందో కింద నిలబడి చెవితో పట్టేస్తాడు. ఇంటి బ్యాండులో బేస్ గిటారు అతనిది. ఆ బ్యాండుకి సొంత పాటంటూ ఒక్కటీ లేదు. ఎక్కడో ఎవరో వాయించిన పన్నెండు రాక్ పాటల్ని పొల్లు పోకుండా వాయించడమే వాళ్ళ సంగీతమంతా. అయినా ఇరవై నాలుగేళ్ళుగా ఊరు వాళ్ళని పిలుస్తూనే ఉందంటే, పొల్లు పోకుండా అన్న ఆ చిన్న మాటలో ఎంత చెమట ఉందో మీరే ఆలోచించండి.

"వదినకి కష్టంగా ఉంది కదా, పాటల్ని రెండు మెట్లు కిందికి దించుదామనుకున్నాను," అన్నాడు మరిది, తల్లి వైపు తిరిగి. "ఎలా ఉంటుందో చూద్దామని నిన్న సాయంత్రం అసలు రికార్డు పెట్టుకుని కూర్చున్నా. దించేదేముందమ్మా? అది కిందే ఉంది. మొదట్నుంచీ కిందే ఉంది. పన్నెండు పాటలూ!"

గిటారు మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో రెండంటే వినేవాళ్ళకి పెద్ద తేడా తెలియదు. పాడేవాళ్ళకి మాత్రం ప్రతిసారీ మునివేళ్ళ మీద నిలబడి అటక మీది డబ్బా అందుకున్నట్టు ఉంటుంది. మైకమ్మ ఇన్నేళ్ళూ ఆ డబ్బా అందుకుంటూనే ఉంది.

"అంటే మనం తప్పు వాయించామా?" అంది అత్తయ్య.

అత్తయ్యకి అరవై ఎనిమిది. ఈ వీధి చివర దర్జీ కొట్టు ఆవిడదే. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు. భర్త పోయాక మూల పడిన ఆయన డ్రమ్ముల్ని, "ఇదీ కాలితో తొక్కేదేగా" అని ముందుకు లాక్కుంది. ఆ కాలు వేసిన తాళం తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇప్పుడు తప్పు అన్న మాట ఆవిడ నోటి నుంచే వచ్చేసరికి మరిది కుర్చీ తల్లి దగ్గరికి లాక్కున్నాడు.

"తప్పు మనది కాదమ్మా. మనం నేర్చుకున్న టేపుంది చూడు, ఆ టేపు రికార్డరు స్పీడుగా తిరిగింది. స్పీడుగా తిరిగితే పాట కూడా పైకి పోతుంది."

"మీ నాన్న కొన్నది స్పీడుగా ఎందుకు తిరుగుతుందిరా? గడియారంలా తిరిగేది."

"మొదట్లో బాగానే తిరిగుంటుంది. మధ్యలో లోపలి చక్రం విరిగింది కదా. ఎవడో తెలివితక్కువ వెధవ దానికి సరిపడని చక్రం తెచ్చి..."

మరిది మాట మధ్యలో ఆగిపోయింది. పదిహేనేళ్ళ వయసులో తల్లి మిషను సామాన్ల డబ్బాలోంచి ఒక చిన్న చక్రం ఏరి, ఆకురాయితో రుద్ది, ఆ టేపు రికార్డర్లో దూర్చిన వెధవ ఎవడో అతనికి అప్పుడే గుర్తొచ్చింది. ఆ చక్రం అసలు దానికంటే పిసరంత లావు.

"ఎవడ్రా?" అంది అత్తయ్య.

"నేనే."

"నా డబ్బాలోదా?"

"నీ డబ్బాలోదే."

అత్తయ్య నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ కుదరలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మైకమ్మ భుజాలు కూడా చప్పుడు లేకుండా ఊగాయి. ఎనిమిది రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు అది. నవ్వనివాడు పెద్ద కొడుకు ఒక్కడే. అతను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆయన్ని మాస్టారంటారు. బడి పంతులేం కాదు, కట్టుడు పళ్ళు చేస్తాడు. ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది నవ్వుతున్నారంటే ఆయన చేతి చలవే. బ్యాండులో లీడ్ గిటారు వాయించి, అందరికీ పాట పాటా నేర్పింది కూడా ఆయనే గనక కోపం వస్తే కన్నతల్లి కూడా మాస్టారూ అనే పిలుస్తుంది.

మరిది తన అన్న ముఖం చూశాడు.

"నీకు ముందే తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నేను ఫోను తీయగానే ఆపమన్నావు. ఏమైందిరా అని ఒక్కసారి కూడా అడగలేదు."

మాస్టారు చెంచాతో టీ కలిపాడు.

మైకమ్మ లేచింది. ఈ ఎనిమిది రోజులూ ఆవిడకి నోరంటే ఒక నల్ల గుడ్డముక్క. ఎవరిదో కోటు కుట్టగా మిగిలింది, అత్తయ్య ఇచ్చింది. దాని మీద దర్జీ సుద్దతో రాయడం, దులపడం, మళ్ళీ రాయడం. ఆ గుడ్డ భర్త ముందు పరిచి ఒకే ఒక్క మాట రాసింది.

'ఎప్పట్నుంచి?'

మాస్టారు చదివి టీ కప్పు పక్కకి జరిపాడు.

"పదకొండేళ్ళు," అన్నాడు మాస్టారు.

"పదకొండు!" అంది అత్తయ్య.

"ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి కొలత తీసుకోడానికి వెళ్ళాను. ఆయన గదిలో రికార్డు పెట్టుకున్నాడు. మన మూడో పాట. నేను గిన్నెలో ప్లాస్టరు కలుపుతున్నా. కలుపుతూ కలుపుతూ వింటూ ఉండిపోయా. పాట అయ్యేసరికి ప్లాస్టరు రాయైపోయింది, గరిటెతో సహా."

"రాయైపోతే అయింది, ఇంటికొచ్చి చెప్పడానికేం?" అన్నాడు మరిది.

"చెబుదామనే వచ్చాన్రా. ఆ సాయంత్రం మన ప్రోగ్రాం. మూడో పాటలో ఆ పైకెళ్ళే చోటికి వచ్చేసరికి..." అతను భార్యని చూడలేక ఫోనుతో చెబుతున్నాడు. "అక్కడ తన గొంతులో ఒక జీర వస్తుంది. చిరిగీ చిరగనట్టు. అసలు పాటలో అది లేదు. ఆ పాడినవాళ్ళకి రాలేదది. జనం దానికోసమే వస్తున్నారని నాకు ఆ రోజు తెలిసింది. నేను వాయించేది కూడా దానికోసమేనని తెలిసింది. దించితే పోతుందేమోనని భయమేసింది. అంతే."

భార్య పాటని ఇంతకంటే బాగా మెచ్చుకున్న మొగుణ్ణి నేను చూడలేదు. ఇంతకంటే చెడ్డ సమయం చూసుకుని మెచ్చుకున్నవాణ్ణీ చూడలేదు.

మైకమ్మ గుడ్డ దులిపింది. 'బస్సులో విన్నానని అడిగాను' అని రాసింది.

మాస్టారు తల ఇంకా దిగిపోయింది.

"ఏమడిగిందిరా?" అంది అత్తయ్య.

"తొమ్మిదేళ్ళవుతోంది. బస్సులో ఎవరో ఈ పాట పెడితే తక్కువలో వినపడింది, మనదే ఎక్కువేమో చూడండి అని అడిగింది." కొంచెం ఆగాడు. "అది వాళ్ళు ముసలైపోయి, గొంతు దిగిపోయాక పాడిన రికార్డని చెప్పాను."

"ఓరి దేవుడా!" అన్నాడు మరిది. "వేరే రికార్డులు వినొద్దు, చెవి చెడిపోతుంది, మనకి టేపే గురువు అని రూలు పెట్టావే! అందుకా?"

మైకమ్మ రాస్తోంది. గుడ్డ చాలక రాసింది చూపించి, దులిపి, మళ్ళీ రాసింది.

'ప్రతిసారీ నా వల్ల కాలేదని ఏడ్చాను.'

'వాళ్ళకి చేతనైంది నాకు చేతకాదనుకున్నాను.'

'నువ్వు పక్కనే ఉన్నావు.'

ఆ కాపురంలో ఆవిడ అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అత్తయ్య కూడా చదివింది. చదివి కోడల్ని ఒక్క మాట అనలేదు. సుద్దముక్క రెండుగా విరిగి బల్ల మీద పడి ఉంటే, లోపలికి వెళ్ళి కొత్తది తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

*

బస్టాండులో ఆ మధ్యాహ్నం అంతా గందరగోళంగా ఉంది. మైకమ్మ మాట్లాడకూడదు గనక అధికారులు ఆవిడని బోర్డు మీద వేళలు రాయడానికి వేశారు. మైకు టైంకీపరు చేతికి వచ్చింది. మంచివాడే గానీ గొంతు డబ్బాలో రాళ్ళు పోసినట్టు ఉంటుంది. అతను మూడో ప్లాట్‌ఫారం అంటే జనం ఏడో ప్లాట్‌ఫారానికి పరుగెడుతున్నారు.

"నేను చెప్పింది నాకే అర్థం కావట్లేదమ్మా," అన్నాడు అతను మైకు కట్టేసి. "ఒక డ్రైవరు వచ్చి తిట్టిపోయాడు. మీ గొంతు వినపడకపోతే బస్సు స్టార్టు చేయబుద్ధి కావడం లేదుట."

మైకమ్మ నవ్వి బోర్డు మీద నాలుగింటి బస్సు రాసింది. ఆవిడ చెప్పే తీరే వేరు. ఎక్కాల్సినవాడికి కంగారు పుట్టకుండా, నిద్రపోయేవాడు లేచేలా చెబుతుంది. ఊళ్ళో పసిపిల్లలు బస్సాట ఆడుకుంటే ఆవిడ గొంతే పెడతారు.

"ఆదివారం మీ ప్రోగ్రాంలో నేను ముందు వరసలో కూర్చుంటున్నా," అన్నాడు టైంకీపరు. "మీ మూడో పాట లేదూ, అందులో మీరు పైకెళ్తారే, అక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇన్నిసార్లు విన్నానా, ప్రతిసారీ ఈసారి అందుకోలేదేమో అని గుండె పట్టుకుంటా. అందుకుంటారు. ఆ ఒక్క క్షణం కోసం వస్తామమ్మా మేము."

మైకమ్మ చేతిలో సుద్ద ఆగింది. ఈయనకీ ఇంట్లో ఉన్నాయనకీ కావాల్సింది ఒకటే. ఆవిడ ఎక్కడ చిరుగుతుందో అది కావాలి. కోపం రావాల్సిన చోట ఆవిడకి గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఇవన్నీ చెప్పుకోడానికి గొంతు లేదు. బోర్డు మీద ఐదింటి బస్సు రాయడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం సాయంత్రం రిహార్సలు ఎప్పట్లాగే అత్తయ్య దర్జీ కొట్లో పెట్టుకున్నారు. కుట్టుమిషన్లు గోడకి జరిపి, వేలాడే బట్టల మధ్య డ్రమ్ములు వేస్తారు. సగం కుట్టిన చొక్కాలు నాలుగు వైపులా వేలాడుతుంటే వాటికి తగిలి చప్పుడు మెత్తబడుతుందని మరిది కనిపెట్టాడు.

"రెండు మెట్లు కిందా, కొంచెం నిదానంగా," అన్నాడు మాస్టారు. రెండు రోజులుగా ఇంట్లో అతను చెప్పిన మాటల్లో అదే పొడుగైంది.

మొదలుపెట్టారు. పట్టుమని పది లెక్కలు కాకుండానే అత్తయ్య ముందుకు వెళ్ళిపోయింది.

"అమ్మా, నిదానం."

"నిదానంగానే తొక్కుతున్నా."

మళ్ళీ మొదలు. మళ్ళీ అంతే. మూడోసారి మరిది బేస్ పక్కన పెట్టేశాడు.

"అమ్మా, నువ్వు పాత స్పీడుకే పోతున్నావు."

"నాకు తెలుస్తోందిరా! కాలికి తెలియట్లేదు!" అంది అత్తయ్య. "ఇరవై నాలుగేళ్ళు ఒక్క తీరున తొక్కించి, ఇప్పుడు తూచ్ అంటే అదెలా వింటుంది? మీరు వేళ్ళు రెండు మెట్లు కిందికి జరుపుకుంటారు. నేను దేన్ని జరుపుకోను?"

కొడుకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తయ్య ఏ పనిలోనూ చేతకాదని ఒప్పుకున్న మనిషి కాదు.

మైకమ్మ ఇప్పటిదాకా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. లేచి వచ్చి అత్తగారి వెనక నిలబడింది. కుడి అరచెయ్యి ఆవిడ వీపు మీద ఆనించి మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. పాట ఎంత నిదానంగా నడవాలో అంత నిదానంగా. బిడ్డని జోకొట్టినట్టే ఉంది చూసేవాళ్ళకి.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. కాలు ఆ చేతిని వెతుక్కుంటూ వెళ్ళింది. ముందు రెండుసార్లు జారింది, తర్వాత కలిసింది. కలిశాక ఇక వదల్లేదు. అరవై ఎనిమిదేళ్ళ కాలు, ఇన్నేళ్ళ అలవాటుని ఒక్క సాయంత్రంలో మార్చుకుంది. డ్రమ్ములు కొట్టేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అందులో ఒక్కరు ఇది చేయగలరేమో చూపించమనండి.

పాట అయ్యాక అత్తయ్య వెనక్కి చెయ్యి చాపి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి కూడా పాడి చూడకుండా స్టేజీ ఎక్కుతావా వదినా?" అన్నాడు మరిది. "గొంతు వస్తుందో రాదో తెలీదు. కింద ఎలా ఉంటుందో నీకే తెలీదు. వాయిదా వేద్దాం."

మైకమ్మ రాసింది. 'శనివారం దాకా డాక్టరు చెప్పినట్టు. ఆదివారం నేను చెప్పినట్టు.'

మాస్టారు గిటారు స్టాండుకి ఆనించి భార్య దగ్గరికి వచ్చాడు. రెండు రోజుల్లో అంత దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"నన్ను తిట్టు," అన్నాడు. "గుడ్డ మీదైనా సరే తిట్టు. ఇలా ఉండకు."

మైకమ్మ చాలాసేపు గుడ్డ వైపు చూసింది. తర్వాత రాసి అతనికి ఒక్కడికే కనపడేలా పట్టుకుంది.

'అందరి ముందూ నువ్వే చెప్పాలి.'

మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్ళలో స్టేజీ మీద అతను నోరు విప్పింది లేదు. ఒకసారి హాల్లో పెద్ద దీపం ఊడి పడబోతుంటే కూడా వేలితో చూపించాడే గానీ జరగండి అనలేదు.

"నాకు మైకులో మాట్లాడడం రాదు," అన్నాడు.

మైకమ్మ గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుంది.

*

ఆదివారం నాలుగింటికి మార్కెట్ మీది హాలు కిటకిటలాడుతోంది. కింద కూరగాయల కొట్లవాళ్ళు బళ్ళ మీద గోనెపట్టాలు కప్పేసి పైకి వచ్చారు. టైంకీపరు అన్నమాట ప్రకారం ముందు వరసలో ఉన్నాడు. డ్రైవర్లు వెనక నిలబడ్డారు.

స్టేజీ పక్క గదిలో మైకమ్మ గోరువెచ్చటి నీళ్ళు తాగుతోంది. పది రోజుల గడువు నిన్నటితో అయిపోయింది. పొద్దుట్నుంచి మాట్లాడొచ్చు. అయినా ఆవిడ మాట్లాడలేదు. మొదటి మాట దేనికి ఖర్చు పెట్టాలో ఆవిడకి తెలుసని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. భయపడుతోందని అత్తయ్య ఒక్కర్తికే తెలుసు.

"రాకపోతే?" అంది అత్తయ్య, కోడలి జుట్టు సవరిస్తూ. "రాకపోతే నేను డ్రమ్ములు గట్టిగా కొట్టేస్తా. ఎవడికీ తెలీదు."

మైకమ్మ అత్తగారి భుజం మీద తల ఆనించింది.

స్టేజీ ఎక్కగానే చప్పట్లు. మాస్టారు గిటారు తగిలించుకుని తన మూలకి పోలేదు. నేరుగా మైకు దగ్గరికి నడిచాడు. హాల్లో సద్దు ఆగిపోయింది. ఆయన మైకు ముందు నిలబడడం ఎవరూ చూడలేదు.

"ఆ..." అన్నాడు. మైకు కీచుమంది. అతను బెదిరి వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకు వచ్చాడు. "పాటలు నేర్పేది నేను. పన్నెండు పాటలూ ఉండాల్సిన దానికంటే రెండు మెట్లు పైన నేర్పాను. మొదట తెలీక. తర్వాత పదకొండేళ్ళు తెలిసే. పాడే మనిషి అడిగితే అబద్ధం చెప్పాను. అందుకే ఆ గొంతు వాచింది. మీకు ఈ పది రోజులు బస్సులు తప్పిపోయింది కూడా నా వల్లే." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గిటారు పట్టుకున్నాడు. "ఈ రోజు పాట ఎక్కడ ఉండాలో అక్కడ వాయిస్తాం. అంతేనండి."

వెనక నుంచి ఒక డ్రైవరు అరిచాడు.

"మాకు పాతదే బాగుంది మాస్టారూ!"

జనం ఘొల్లుమన్నారు. కొందరు ఈలలు వేశారు. మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. అత్తయ్య రెండు పుల్లలూ టకటకా కొట్టి అందరి నోళ్ళూ మూయించింది, మూడో పాట ఎత్తుకుంది.

నిదానంగా నడిచింది పాట. కాలు జారలేదు. బేస్ కింద ఎక్కడో నేలలోంచి వచ్చినట్టు వస్తోంది. మైకమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. ఆవిడ అందుకోవాల్సిన చోటు వచ్చింది.

అందుకుంది.

ఆ గొంతు ఎవరూ ఎరగరు. బస్టాండులో వినేదీ కాదు, ఇన్నేళ్ళూ ఈ హాల్లో విన్నదీ కాదు. నిండుగా, వెడల్పుగా, ఎక్కడా తొందర లేకుండా వచ్చింది. ఇదివరకు పదాల మీద నుంచి దూకుతూ పోయేది. ఇప్పుడు ఒక్కో పదం దగ్గరా ఆగి, దాని బరువెంతో చూసి ముందుకు పోతోంది. అందుకోలేదేమోనని గుండె పట్టుకోవాల్సిన పని లేదు. ఆ మనిషి తన ఇంట్లో తను నడుస్తున్నట్టు ఉంది. ఇరవై నాలుగేళ్ళు ఈ గొంతు ఆవిడ దగ్గరే ఉంది, ఎవరూ అడగలేదు. అది తలుచుకుంటే నాకు సంతోషంతో పాటు కోపం కూడా వస్తుంది.

గిటారు ఒంటరిగా వాయించే ఘట్టం వచ్చింది. గిటారు రాలేదు. మాస్టారు తీగల మీద చేతులు పెట్టుకుని భార్యని చూస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అన్న వాయించాల్సిందంతా మరిది బేస్ మీద వాయించేశాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్న వాళ్ళని దింపేవాడికి ఇదొక లెక్కా?

పాట అయిపోయింది. కుర్చీలు వెనక్కి జరిగాయి, హాలు మొత్తం లేచి నిలబడింది. టైంకీపరు మాత్రం తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

చప్పట్లు తగ్గాక అతనే లేచాడు.

"అమ్మా, చాలా బాగుంది! చాలా బాగుంది గానీ, ఒక్కసారి పాతలాగ! ఒక్కటే!"

"పాతలాగ! పాతలాగ!" అని వెనక డ్రైవర్లు అందుకున్నారు. వాళ్ళది పాపం ప్రేమే. హాలంతా కాళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టింది.

మాస్టారు పరుగున ముందుకు వచ్చి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "వద్దు! డాక్టరు వద్దంది! గొంతు పోతుంది!" మైకు లేకుండా అరుస్తున్నాడు, ఎవరికీ వినపడడం లేదు.

మైకమ్మ చెయ్యెత్తింది. అందరూ ఆగారు.

"గమనిక," అంది.

పది రోజుల తర్వాత ఆ గొంతు మాట్లాడడం అదే మొదటిసారి. బస్టాండులో పలికే తీరే, కంగారు పుట్టించకుండా, నిద్రపోయేవాణ్ణి లేపేలా.

"తర్వాతి పాట పాతలాగే ఉంటుంది. రెండు మెట్లు పైన, పాత స్పీడులో. పాడేది మాస్టారు."

హాలు విరగబడి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. స్టాండు మీంచి మైకు తీసి ఆవిడ అతని చేతిలో పెడుతుంటే చిన్నగా, ఆవిడకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"నా గొంతు అక్కడికి పోదు."

"నాదీ పోయేది కాదు," అంది మైకమ్మ.

అత్తయ్య కాలు అప్పటికే మొదలుపెట్టేసింది, పాత స్పీడులో. మరిది తలొంచుకుని బేస్ అందుకున్నాడు. మైకమ్మ నాలుగడుగులు పక్కకి నడిచి, ఇన్నేళ్ళూ భర్త నిలబడే మూలలో చేతులు కట్టుకుని నిలబడింది.

మాస్టారు హాలు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, నోరు తెరిచాడు.